నీలి వెలుగుల రవ్వలు

పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే ఆడవాళ్ళ కబుర్లలోకి రవ్వలు వచ్చేస్తాయి. ఇదివరకు తరుగు, మజూరీ, మేలిమి అన్న మూడు మాటలు తెలిస్తే చాలు, నగల కొట్లో నెగ్గుకు రావచ్చు. ఇప్పుడు రవ్వతో పాటు చేతికో కాయితం ఇస్తున్నారు. రంగు ఫలానా, శుభ్రత ఫలానా, కోత ఫలానా అని దాని నిండా ఇంగ్లీషు అక్షరాలే. వాటన్నిటికీ దిగువన, తలుపు చాటున నిలబడ్డ కొత్తకోడలిలా ఓ చిన్న మాట ఉంటుంది. ఫ్లోరెసెన్స్. దాని ఎదుట 'నన్' అని ఉంటే కొట్టతను వేలు పెట్టి మరీ చూపిస్తాడు. 'స్ట్రాంగ్' అని ఉంటే మాత్రం గొంతు తగ్గించి, "ధర దగ్గర చూసుకుందాం లెండి" అంటాడు.

ఏమిటా మాట? ఉంటే కొనచ్చా, కూడదా? ఈ ప్రశ్నకి జవాబు కోసం నేను లోహశాస్త్రాలూ రసాయనశాస్త్రాలూ చదవలేదు. చదివింది చరిత్ర. కానీ ఈ సంగతి తేల్చడానికి చరిత్రే ఎక్కువ పనికొచ్చేలా ఉంది. ఎందుకంటే ఆ వెలుగు మారలేదు. దాన్ని చూసి ముచ్చటపడాలో ముఖం చిట్లించాలో చెప్పేవాళ్ళు మారుతూ వచ్చారు.

ముందు ఆ వెలుగు సంగతి కాస్త చూద్దాం. ఎండలో మన కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలు ఉంటాయని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం కదూ. కొన్ని వజ్రాలు ఆ కిరణాలను మింగి, వాటిని కంటికి కనిపించే వెలుగుగా మార్చి బయటికి వదుల్తాయి. చీకటిగదిలో ఆ కిరణాల దీపం కింద పెడితే దీపావళి నాటి పూలకుండీలా రవ్వంతా నీలంగా వెలుగుతుంది. దీపం ఆపితే మళ్ళీ మామూలే. ఇలా వెలిగేవి అరుదేమీ కాదు. వజ్రాల్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఎంతో కొంత వెలుగుతాయని లెక్క. ఆ వెలిగేవాటిలో నూటికి తొంభై అయిదుకు పైగా నీలమే. పసుపు, నారింజ లాంటివి కొద్ది.

వజ్రమంటే కర్బనం. భూగర్భంలో తయారయ్యేటప్పుడు అందులోకి కొద్దిగా నత్రజని చేరుతుంది. లక్షల, కోట్ల సంవత్సరాల మీద ఆ నత్రజని పరమాణువులు జరిగి జరిగి, మూడేసి చొప్పున ఒక ఖాళీ చోటు చుట్టూ చేరతాయి. నీలివెలుగు అక్కణ్ణించి వస్తుంది. తమాషా ఏమిటంటే చాలా రవ్వల్లో కనిపించే లేత పసుపు ఛాయకీ కారణం అక్కడే ఉంది. పసుపు తెచ్చిపెట్టేదీ అదే, ఎండలో ఆ పసుపును కప్పిపెట్టేదీ అదే. తెల్లచీర రంగు మారితే మన అమ్మలు నీలిమందు పెట్టేవాళ్ళు గుర్తుందా? పచ్చబారిన చీర మీద కాస్త నీలం పడితే కంటికి తెల్లగా అనిపిస్తుంది. రవ్వలో ఆ పని దేవుడే చేసిపెట్టాడన్నమాట. కాకపోతే ఈ నీలిమందు ఎండలోనే పనిచేస్తుంది. రాత్రి ఇంట్లో మామూలు దీపం కింద రవ్వ తన అసలు రంగులో బయటపడుతుంది.

వజ్రం చీకట్లో వెలిగే సంగతి చాలాకాలం క్రితమే గమనించారు. 1663లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రజ్ఞుడు తెలిసినాయన దగ్గర ఓ వజ్రం తెచ్చుకుని, చీకట్లో దాన్ని రుద్ది చూసి, వెలుగుతోందని రాసిపెట్టాడు. ఫ్లోరెసెన్స్ అన్న పేరు పెట్టింది మాత్రం 1852లో స్టోక్స్ అనే మరో ఆయన. అదీ వజ్రాన్ని చూసి కాదు, ఫ్లోర్‌స్పార్ అనే ఇంకో రాతిని చూసి.

మన రత్నశాస్త్రాల్లో ఈ మాట వెతికితే దొరకదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రానికి ఒక అధ్యాయం కేటాయించి, కాకిపాదం, ఈగ, వెంట్రుక లాంటి దోషాలు చెప్పాడు. రంగును బట్టి రాళ్ళకి కూడా కులాలు కట్టారు మన పెద్దలు. తెల్లది బ్రాహ్మణ వజ్రమట, ఎర్రనిది క్షత్రియమట! మనుషులతో సరిపెట్టుకోలేకపోయారు పాపం. శాస్త్రాల మాట అలా ఉంచి, నేల తవ్విన వాళ్ళ దగ్గరికి వెళ్తే అసలు సంగతి దొరుకుతుంది.

టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు పదిహేడో శతాబ్దంలో ఆరుసార్లు తూర్పుదేశాల ప్రయాణం చేసి, మన గనులు కళ్ళారా చూసి, 1676లో పుస్తకం అచ్చువేశాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వితే, ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మట్టి మోసేవారట. ఈ దేశం మాటలో ఆ గని పేరు 'గని' అని కూడా రాసుకున్నాడు. ఇదేమిటని ఎవర్నో అడిగి ఉంటాడు, వాళ్ళు 'గని' అని ఉంటారు, ఊరి పేరు కాబోలనుకున్నాడు! నేను ఇలా ఊహించుకుని నవ్వుకుంటూ ఉంటాను. ఫారసీలో కూడా దగ్గరి మాట ఉందని పండితులంటారు గానీ, మట్టి మోసే మన ఆడమనిషి నోటి మాటే అతని పుస్తకంలోకి ఎక్కిందనుకోవడం నాకిష్టం.

అతను బీజాపూరు రాజ్యంలోని రావులకొండ గనిలో చూసిన ఒక ముచ్చట మన విషయానికి బాగా దగ్గరిది. యూరపులో ముడిరాళ్ళను పగటి వెలుగులో పరీక్షిస్తారట. ఇక్కడివాళ్ళు రాత్రిపూట చూసేవారట. గోడలో అడుగు పొడవూ అడుగు వెడల్పూ గల గూడు తొలిచి, లావుపాటి వత్తి వేసి దీపం పెట్టి, రాయిని వేళ్ళ మధ్య పట్టుకుని ఆ వెలుగులో దాని నీరు చూసేవారు. నీరంటే తేట, ఛాయ. వాటిలో ఆకాశపు నీరు అనేది అన్నిటికన్నా అధ్వాన్నమైనదని వాళ్ళ లెక్క. ముడిరాయిగా ఉన్నప్పుడు అది పట్టుబడదట. సాన మీద కొంచెం తొంగి చూస్తే, రాయిని తీసుకెళ్ళి గుబురుగా ఆకులున్న చెట్టు కింద నిలబడి చూడాలి. ఆ పచ్చని నీడలో నీలం ఇట్టే బయటపడుతుందని రాశాడు.

చూశారా ఎంత తెలివో! నూనె దీపంలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. అంటే నీలిమందు పనిచెయ్యని చోట ముందు రాయిని చూశారు. తరువాత చెట్టు నీడకి తీసుకెళ్ళి చూశారు. ఎర్రటి ఎండ తగలదు గానీ ఆకాశపు వెలుగు తగులుతుంది. వాళ్ళు ఏవగించుకున్న ఆ నీలం ఇవాళ్టి ఫ్లోరెసెన్సే అని నేను తీర్మానం చెయ్యను. రాతిలో సహజంగా ఉన్న నీలి ఛాయ కూడా అయివుండచ్చు. కానీ ఒకే రాయిని రెండు వెలుగుల్లో చూడందే బేరం ఆడకూడదన్న సంగతి మూడున్నర శతాబ్దాల క్రితమే మనవాళ్ళకి తెలుసు. అక్కడి వర్తకుల పిల్లలు, పదేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు వాళ్ళు, రోజూ పొద్దున్నే ఊరి మధ్యనున్న చెట్టు దగ్గర చేరి, సంచుల్లో తూనికరాళ్ళు పెట్టుకుని వజ్రాలు కొనేవారని కూడా టావెర్నియే రాశాడు. ఆ పిల్లల ముందు మన డిగ్రీలెందుకూ పనికిరావు.

గోల్కొండ రాళ్ళలో పేరుమోసినవి చాలావరకు నత్రజని దాదాపు లేనివి. అందుకే వాటికి ఆ నీళ్ళలాంటి తేట. అలాంటివి మొత్తం వజ్రాల్లో నూటికి రెండు కూడా ఉండవు. మరి మన నేల వజ్రాలు వెలగవా అంటే, వెలిగే రాయి ఒకటుంది. టావెర్నియే పట్టుకెళ్ళి పధ్నాలుగో లూయీ రాజుకు అమ్మిన నీలపు రాయే చేతులు మారి, కోతలు మారి 'హోప్' వజ్రమైంది. అది కొల్లూరు రాయేనంటారు. ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అతినీలలోహిత దీపం చూపించి ఆపేస్తే, కాసేపటిదాకా నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది! అది పుట్టిన కొల్లూరు ఇవాళ పులిచింతల నీళ్ళ కింద ఉంది.

గోల్కొండ గనులు వట్టిపోతున్న రోజుల్లో, 1720ల ప్రాంతాల, బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. 1867 నుంచి దక్షిణాఫ్రికా వంతు. విచిత్రం చూడండి, ప్రపంచానికంతటికీ వజ్రాలిచ్చిన గోల్కొండ గడ్డ మీద, ఆరో నిజాం కొన్న 'జాకబ్' వజ్రం దక్షిణాఫ్రికాది! దాని బేరం కాస్తా కోర్టుకెక్కింది. ఆయన కొడుకు దాన్ని కాయితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడని చెప్పుకుంటారు.

ఆ దక్షిణాఫ్రికాలోనే 1870లో ఒక పొలంలో వజ్రం దొరికింది. ఆ చోటి పేరు జాగర్స్‌ఫాంటీన్. వాళ్ళ నోట 'యాగర్' అని పలుకుతుందట, మన నోట జాగర్ అయింది. 1893లో 995 క్యారెట్ల 'ఎక్సెల్సియర్' అక్కడే దొరికింది. ఆ గని రాళ్ళలో కొన్నిటికి ఎండలో తెలుపు మీద లేత నీలం తేలేది. అలాంటివాటిని వర్తకులు జాగర్లు అనడం మొదలుపెట్టారు. ఆ నీలానికి కారణం ఈ ఫ్లోరెసెన్సే. మీకిప్పుడు తట్టే ఉంటుంది. అవునండీ, మన అమ్మమ్మల పెట్టెల్లోని 'బ్లూ జాగర్' రవ్వలు ఇవే! ఏడురాళ్ళ దుద్దులు, బేసరి, ముక్కుపుడక, ఏది చేయించినా బ్లూ జాగర్ అయితేనే గొప్ప. చెన్నపట్నంలోనైనా, బెజవాడలోనైనా ఆ రెండు మాటలు అంటే చాలు, పేరంటంలో పదిమంది తలలు ఇటు తిరిగేవి. కొనేముందు రవ్వల్ని ఇంటికి తెచ్చుకుని మూడు రోజులు ఉంచుకుని, అచ్చివస్తాయో లేదో చూసుకునేవారు. మూఢనమ్మకమని నవ్వుకుంటాం గానీ, ఆ మూడు రోజుల్లో రవ్వని పొద్దుటి ఎండలోనూ చూసేవారు, రాత్రి దీపం కిందా చూసేవారు. గూటి దీపం పరీక్షా, చెట్టు నీడ పరీక్షా రెండూ ఇంట్లోనే జరిగిపోయేవన్నమాట.

మా వదిన దగ్గర అలాంటి జత ఒకటుంది. వాళ్ళ అత్తగారివి. కూతురి పెళ్ళికి వాటినిచ్చి కొత్త మోస్తరు నగ తీసుకుందామని, నన్ను తోడు తీసుకుని ఓ పెద్ద కొట్టుకి వెళ్ళింది. రవ్వలు చూసే కుర్రాడు దుద్దుల్ని నల్లపెట్టెలో పెట్టి మీట నొక్కాడు. లోపల పధ్నాలుగు రాళ్ళలో పదకొండు నీలంగా వెలిగాయి. "అబ్బ, ఎంత బావున్నాయో!" అని నేను అంటున్నాను, అతను పెదవి విరిచేశాడు. "ఫ్లోరెసెన్స్ ఎక్కువగా ఉందమ్మా. వీటికి రేటు బాగా తగ్గుతుంది."

వదిన ముఖం చిన్నబోయింది. "బ్లూ జాగర్ బాబూ అవి. మా అత్తగారు ప్రాణంలా చూసుకునేవారు" అంది.

"అదేనమ్మా, ఆ బ్లూ ఉంటేనే ఇప్పుడు తక్కువ."

ఇంతవరకూ బాగానే ఉంది. మేం లేచి వస్తూ ఉంటే, అదే కొట్లో, ఇంకో గాజు బల్ల దగ్గర, వేరే అబ్బాయి ఒక పెద్దావిడకి కొత్త దుద్దులు చూపిస్తూ, "ఒరిజినల్ బ్లూ జాగర్ మామ్మగారూ, అందుకే ఈ రేటు" అంటున్నాడు! వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కొనేటప్పుడు వద్దన్న నీలం అమ్మేటప్పుడు ముద్దొచ్చిందన్నమాట. వదిన మాట్లాడకుండా దుద్దులు రుమాల్లో చుట్టి జాకెట్లో దోపుకుని బయటికి నడిచింది. ఆ పెళ్ళికూతురు ఆ దుద్దులే పెట్టుకుని పీటల మీద కూర్చుంది.

ఒకప్పుడు ఎక్కువ పలికిన వెలుగు తక్కువ ఎలా అయింది? అందులో వర్తకుల పాపమే ఎక్కువ. నీలి తెలుపు రవ్వ అంటే గిరాకీ ఉందని తెలిశాక, అమెరికాలో పసుపు తిరిగిన రాళ్ళక్కూడా ఆ పేరే తగిలించి అమ్మడం మొదలుపెట్టారు. మాట విలువ పోయింది. 1938లో అక్కడి వాణిజ్య కమిషన్ కలగజేసుకుని, పగటి వెలుగులో నీలం తప్ప వేరే ఛాయ కనిపించే రాయిని 'బ్లూ వైట్' అనడానికి వీల్లేదని ఆంక్ష పెట్టింది. 1950లలో జి.ఐ.ఎ. అనే రత్నశాస్త్ర సంస్థ రంగుకి డి నుంచి జెడ్ దాకా అక్షరాలు పెట్టింది. ఇక రవ్వ పోయి అక్షరం అమ్ముడుపోయే రోజులొచ్చాయి. 1970ల చివర వజ్రాల్ని షేర్లలా కొని దాచుకునే వెర్రి ఒకటి పుట్టింది. అలా కొనేవాడు చెవికి పెట్టుకోడు, ఎండలో చూడడు. అతనికి కాయితం మీద ఏ వంకా ఉండకూడదు. ఫ్లోరెసెన్స్ ఎదుట ఏదైనా రాసి ఉంటే అదో వంక.

వంకలో నిజం బొత్తిగా లేదని కూడా అనను. బాగా ఎక్కువగా వెలిగే రాళ్ళలో కొన్ని ఎండలో మసకగా, పాలచుక్క కలిపినట్టు, నూనె తేలినట్టు కనిపిస్తాయి. అలాంటిది కొనకండి, ఎంత చవగ్గా ఇచ్చినా. కానీ అవి ఎన్ని? తమ దగ్గరికి వచ్చిన వెలిగే రాళ్ళలో వెయ్యికి రెండు కూడా లేవని జి.ఐ.ఎ. వారే చెప్పారు. 1997లో వాళ్ళు ఒక పరీక్ష చేశారు. రంగూ కోతా ఒకేలా ఉండి, వెలుగు మాత్రం వేరువేరుగా ఉన్న రవ్వల్ని వర్తకులకీ, నిపుణులకీ, మనలాంటి మామూలు వాళ్ళకీ చూపించారు. మామూలు వాళ్ళకి ఏ తేడా తెలియలేదు. అలవాటున్న కళ్ళకి, పైనుంచి చూసినప్పుడు, ఎక్కువ నీలం వెలిగేవే రంగులో మెరుగ్గా కనిపించాయి. స్మిత్‌సోనియన్‌లోనే 'పోర్చుగీస్' అని పేరున్న 127 క్యారెట్ల రాయి ఉంది. పగటి వెలుగులో కూడా నీలిరంగు తేలేటంతగా వెలుగుతుంది. దాన్ని వంక పెట్టి ఎవరూ కింద పెట్టలేదు మరి.

అంచేత నా సలహా అడిగితే చెప్తాను. మీరు కొనే రవ్వ రంగు ఐ, జె, కె అక్షరాల దగ్గరదైతే నీలివెలుగు ఉండటం మీకు లాభమే. పగటిపూట పెళ్ళిపందిట్లో మీ దుద్దులు వాటి అక్షరం కన్నా తెల్లగా కనిపిస్తాయి. డి, ఇ లాంటి మేలిరంగు రాయికి స్ట్రాంగ్ అని ఉంటే కొట్లో దీపాల కింద తేల్చుకోకండి. అక్కడి దీపాలు కొట్టువాడివి. రాయిని వీధి గుమ్మం దాకా తీసుకెళ్ళి చూస్తానని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో కొట్టు ఉంది. ఎండలో తేటగా ఉంటే నిక్షేపంగా తీసుకోండి. అలాంటివాటికి నూటికి పదో పదిహేనో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువో తగ్గింపు ఉంటుంది. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఇవాళ మీకు తగ్గించి ఇచ్చినవాడు, రేపు మీరు అమ్మబోతే తనూ తగ్గించే అడుగుతాడు. కాబట్టి పిల్ల పేర ఆస్తిగా దాచేదానికి ఒక లెక్క, పెట్టుకు తిరిగేదానికి ఒక లెక్క. ఇక 'బ్లూ జాగర్' అన్న పేరుకి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వకండి. ఆ గని 1971లో మూతబడింది. ఏ సర్టిఫికెట్టులోనూ ఆ పేరుతో తరగతి లేదు.

ఇప్పుడు యంత్రాల్లో పెంచిన వజ్రాలు వచ్చాయి. కంటితో చూస్తే తేడా కనిపెట్టలేం. మూడు నత్రజని పరమాణువులు కూడబలుక్కుని ఒకచోట చేరడానికి భూగర్భంలో యుగాలు పడుతుందన్నాను కదా, కొద్ది వారాల్లో యంత్రంలో పెరిగిన రాయికి అంత తీరికుండదు. అందుకే వాటిలో మామూలుగా ఆ రకం నీలివెలుగు కనిపించదు. ఇదొక్కటే చూసి అసలుదో కాదో తేల్చడం కుదరదు, దానికి పరీక్షాశాలలున్నాయి. అయినా ధర తగ్గించి పక్కన పెట్టిన ఆ నీలమే భూమిలో పుట్టిన రాయికి ఆనవాళ్ళలో ఒకటయిందంటే నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. పాతనగల్లో రాళ్ళన్నీ ఒకేలా వెలగవు. ఒకటి గాఢంగా, ఒకటి లేతగా, పక్కది అసలు వెలగకుండా, ఏ నగ తీరు దానిదే. వేలిముద్ర లాంటిదన్నమాట. నగని మెరుగుకో మరమ్మతుకో ఇచ్చినప్పుడు రాయి మార్చేస్తారేమోనన్న బెంగ మనలో ఎవరికి ఉండదు చెప్పండి? నమ్మకమైన కొట్లో ఆ దీపం కింద పెట్టించి, చీకట్లో ఒక ఫొటో తీయించి దాచుకుంటే సరి. మరమ్మతు నుంచి తిరిగొచ్చాక మళ్ళీ అదే దీపం కింద పెట్టి పోల్చుకోవచ్చు. మా వదిన ఆ పని చేసింది. కుడి దుద్దులో నడిమి రాయి వెలగదు, ఎడమ దాంట్లో పైరాయీ, దాని పక్కదీ వెలగవు. మిగతా పదకొండూ నీలమే.